తిరూరు వరియు మన అంగడియు



మన జిల్లాలోని తిరూరు వరి పరిశోధనా కేంద్రమున పుట్టిన టి.కె.ఎం. 6 కాండము తొలుచు పురుగును కొంత తట్టుకొనునది. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థవారు దానితో సంకరము చేసి 1969లో ఐ.ఆర్. 20ను విడుదల చేసిరి. మందుచల్లుట తగ్గించు గుణము మన మడినుండియే లోకమునకు పోయినది!

నేడు కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయము తన పరిశోధనా ఫలములు కొన్నిటిని ఒప్పందముపై కంపెనీలకు ఇచ్చుచున్నది. కంపెనీ లేనిదే సరుకు అంగడి చేరుట కష్టమే. అయినను ప్రజల పన్నుతో పుట్టినదానికి ధర నిర్ణయించువారెవరని మనము అడుగవలదా? 2001 నాటి చట్టము ప్రకారము రైతు విత్తనము దాచుకొనవచ్చును, పంచుకొనవచ్చును, వ్యాపారపు ముద్ర వేయక అమ్ముకొనవచ్చును. (సంకర విత్తనము మరుసటేట అట్లే పండదు, అది వేరు సంగతి.) ఈ మాట మన ఇండ్లలో తెలుగున చెప్పుకొందము. నవరై నాట్లకు ముందు పదిమందిమి తిరూరు వెళ్లి, ఏ విత్తనము ఏ ధరకు దొరకునో విచారించి వత్తము.