ఫైనల్, ఫైనల్2, లాస్ట్ ఫైనల్... ఏది పంపాలి?

ఏలూరు నుంచి మళ్లీ వచ్చేశా. కొల్లేరు పక్కన ఒక చేపల చెరువుకి ఏరియేటర్ కంట్రోలర్ బోర్డు చేస్తున్నామని చెప్పా కదా? మొదటి లాట్ మొత్తం చెత్తబుట్టలోకి పోయిందండి. సర్క్యూట్ బానే ఉంది, మమ్మల్ని ముంచింది ఫోల్డరు.

మా దగ్గర 'ఫైనల్', 'ఫైనల్2', 'లాస్ట్ ఫైనల్' అని మూడు గెర్బర్ జిప్‌లు ఉన్నాయి. గూడెంలో హాస్టల్లో ఉండే మా తమ్ముడు బోర్డులో రిలే మార్చాడు, గెర్బర్ మాత్రం మళ్లీ తీయలేదు. నేను చూడకుండా 'లాస్ట్ ఫైనల్' పంపేశా. పది బోర్డులొచ్చాయి. కొత్త రిలే కాళ్లు పాత రంధ్రాల్లో దిగవు!

డబ్బు సంగతి అలా ఉంచండి, రైతుకి మాటిచ్చాం. నీళ్లలో నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే వాడేసుకుంటుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది. అప్పుడు ఏరియేటర్ తిరక్కపోతే పొద్దున్నే చేపలు తేలిపోతాయి. మా బోర్డు రాక, ఆయన ఇంకో నెల రోజులు రాత్రిళ్లు లేచి చేత్తోనే స్విచ్ వేసుకున్నారు.

సరే, ఇప్పుడేం చేస్తున్నామో చూడండి. ప్రాజెక్టుకి ఒకటే ఫోల్డర్. 'హార్డ్‌వేర్'లో స్కీమాటిక్, బోర్డు ఫైళ్లు. 'డాక్స్'లో మనం రాసిన నోట్స్. 'బిల్డ్'లో కంప్యూటర్ తీసినవే ఉంటాయి, చేత్తో ఏదీ పెట్టం. అది మొత్తం డిలీట్ అయినా భయం లేదు, మళ్లీ తీసుకోవచ్చు. అందుకే దాన్ని గిట్‌లో కూడా పెట్టం.

మేం వాడేది కీక్యాడ్, ఫ్రీయే. 2023లో వచ్చిన 7వ వెర్షన్ నుంచి అందులో 'కీక్యాడ్ సీఎల్ఐ' అనే కమాండ్ ఉంది. విండో తెరవకుండానే స్కీమాటిక్ పీడీఎఫ్, గెర్బర్, డ్రిల్ ఫైళ్లు తీసేస్తుంది. 8వ వెర్షన్లో డీఆర్‌సీ చెకింగ్ కూడా వచ్చింది. ఇవన్నీ ఒక మేక్‌ఫైల్‌లో రాసుకున్నాం. మేక్ అనేది 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన టూల్, మన నాన్నల కాలం నాటిది! ఏ ఫైలు కొత్తగా మారిందో టైము చూసి, దాన్నుంచి వచ్చేవి మాత్రం మళ్లీ తీస్తుంది. తమ్ముడు బోర్డు మార్చి మర్చిపోయినా అది మర్చిపోదు.

ఒక్క జాగ్రత్త. డీఆర్‌సీ కమాండ్‌కి 'ఎగ్జిట్ కోడ్ వయొలేషన్స్' ఆప్షన్ తగిలించండి. లేకపోతే తప్పులున్నా ఓకే అనేసి జిప్ కట్టేస్తుంది. నేను ఇక్కడ కూడా ఒకసారి బోల్తా పడ్డా, అదృష్టం కొద్దీ పంపకముందే చూసుకున్నా.

జిప్ పేరులో గిట్ కమిట్ నంబరు వచ్చేలా పెట్టాం. ఆర్డర్ చేసేముందు ఆ నంబరు తమ్ముడికి వాట్సాప్ చేస్తా, వాడు తన దగ్గర చూసి 'సరే' అంటేనే పంపుతా.

రెండో లాట్ మొన్న వచ్చింది, రిలే చక్కగా కూర్చుంది. వచ్చే ఎపిసోడ్ చెరువు గట్టు మీదే, తెల్లారి నాలుగింటికి. దోమలకి రెడీ అవ్వాలి.