తెర మీది మరక



మన బడి కలర్ టీవీ తెర మీద ఒక మూల ఆకుపచ్చ మరక పడటం మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ల్యాబులోని అయస్కాంతాన్ని తెరకు ఆనించింది నేనే. ఎవరని అడిగితే నోరు విప్పలేదు. తిట్లు నా బెంచీ మిత్రుడు తిన్నాడు.

సైన్సు మాస్టారు టీవీ మెకానిక్ దగ్గర డీగాసింగ్ కాయిల్ అడిగి తెచ్చారు. గాజు వెనకున్న సన్నని చిల్లుల ఇనుప రేకుకు అయస్కాంత గుణం అంటుకుని, ఎలక్ట్రాన్లు తప్పు రంగు మీద పడుతున్నాయని చెప్పారు. కాయిల్ నా చేతికే ఇచ్చారు.

"తెర ముందు గుండ్రంగా తిప్పు. తిప్పుతూనే ఆరడుగులు వెనక్కి నడువు. అప్పుడు స్విచ్ ఆపు. దగ్గరుండగా ఆపావో, మరక మరింత ముదురుతుంది."

మన కరెంటు సెకనుకు 100 సార్లు దిశ మార్చుకుంటుంది. కాయిల్ దూరమయ్యేకొద్దీ ఆ ప్రభావం కొంచెం కొంచెంగా తగ్గి, రేకులో అయస్కాంతత్వం చెదిరిపోతుంది. మరక పోయింది.

కాయిల్ నాకే ఎందుకిచ్చారో మాస్టారు చెప్పలేదు. నాకు తెలుసు.

ఆ మిత్రుడు ఇప్పుడు రెండో వరుసలో కూర్చున్నాడు. ఒరేయ్, తప్పు నాదిరా. ఈ మాట చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది. క్షమించు.

సెలవు.