గోడలో దాగిన నిప్పు – గృహ నిర్మాణంలో నేటి మార్పులు

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



75 సంవత్సరాల పాఠశాలలో భవన నిర్మాణాన్ని గురించి ప్రసంగించడం సముచితమే. బడి అనగానే పూర్వ విద్యార్థికి ముందుగా గుర్తుకు వచ్చేది గురువు కంఠస్వరం. ఆ వెనుకనే వచ్చేది గోడ. వేసవి మధ్యాహ్నం వీపు ఆనించినప్పుడు చల్లగా తగిలిన గోడ, వానాకాలంలో చెమ్మ పట్టి సున్నం రాలిన గోడ. అది దేనితో కట్టినదో, దానికి ఎంత ఖర్చయినదో అడిగినవారు అరుదు. ఇక్కడ ఖర్చు అంటే రూపాయలు మాత్రమే కాదు. ఆ గోడ లేవడానికి ఎంత నిప్పు రగిలించవలసి వచ్చిందన్నది అసలు లెక్క. నిర్మాణ రంగంలో ఇటీవల వచ్చిన మార్పులలో ఏది మేలైనదో తేల్చుకొనడానికి ఈ లెక్క చక్కగా ఉపకరిస్తుంది.

సాధారణంగా ఎర్ర ఇటుక గట్టిపడాలంటే బట్టీలో 900 నుండి 1000 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడికి బొగ్గో, కట్టెలో, ఊకో తగలబడాలి. సిమెంటుకు అంతకన్న ఎక్కువ వేడి కావాలి. సున్నపురాయిని, బంకమట్టిని కలిపి సుమారు 1450 డిగ్రీల వద్ద కాల్చితే క్లింకరు ఏర్పడుతుంది. దానిని కొద్దిపాటి జిప్సంతో కలిపి మెత్తగా నూరినదే సిమెంటు. ఇక్కడ మరొక చిక్కు కూడ ఉన్నది. పొయ్యిలో మండే ఇంధనం నుండే గాక, కాలుతున్న సున్నపురాయిలో నుండి కూడ బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. ప్రపంచమంతటా మానవ కార్యకలాపాల వలన గాలిలో కలిసే ఈ వాయువులో సుమారు 7, 8 శాతం సిమెంటు పరిశ్రమదే. సిమెంటు ఉత్పత్తిలో చైనా తరువాతి స్థానం భారతదేశానిది. కావున ఈ ప్రశ్న పరాయివారిది కాదు.

సిమెంటు రాకముందు తెలుగువారి ఇండ్లు లేకపోలేదు. రాయలసీమలో రాతిగోడల మీద చౌడుమట్టి కప్పిన మిద్దెలు, కోస్తాలో గాలివానను తట్టుకొనే చుట్టిండ్లు, ఊరూరా మట్టిగోడలు ఉండేవి. పెద్ద కట్టడాలకు ఎద్దులు తిప్పే గానుగలో సున్నం, ఇసుక నూరి, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపేవారు. అయితే ఆ కాలాన్ని మితిమీరి పొగడవలసిన పని లేదు. సున్నాన్ని కూడ కాల్చవలసినదే. అది గట్టిపడడానికి వారాలు, నెలలు పట్టేది. మట్టి మిద్దెకు ఏటేటా మరమ్మతు తప్పేది కాదు. సిమెంటు ఒక్క రోజులో బిగుసుకొని నిలిచింది. పైన అంతస్తు వేయడానికి ధైర్యమిచ్చింది. అందుకే అది గెలిచింది. ఆ గెలుపుకు చెల్లించిన మూల్యమేమిటో తరువాత తెలిసివచ్చింది.

నిప్పును తగ్గించే మార్గాలలో మొదటిది, ఇటుకను కాల్చకపోవడం. 1950లలో కొలంబియా దేశంలో రౌల్ రామిరెజ్ అనే ఇంజనీరు, మట్టిని చేతితో నొక్కి దిమ్మెగా చేసే చిన్న యంత్రాన్ని రూపొందించినారు. సిన్వా-రామ్ అనే పేరుతో అది అనేక దేశాలకు వ్యాపించింది. 1974లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్య అమూల్య కుమార్ ఎన్. రెడ్డి ప్రోద్బలంతో, గ్రామీణ ప్రాంతాలకు ఉపకరించే సాంకేతికత కొరకు ‘అస్త్ర’ అనే విభాగం వెలసింది. ఆచార్య కె.ఎస్. జగదీశ్, ఆచార్య బి.వి. వెంకటరామరెడ్డి ప్రభృతులు అక్కడ మట్టి దిమ్మెలపై దీర్ఘకాలం పరిశోధన సాగించినారు. ఎర్రమట్టి, ఇసుక, అందులో 6 నుండి 8 శాతం సిమెంటు కలిపి, యంత్రంలో గట్టిగా నొక్కి, మూడు నాలుగు వారాలు తడుపుతూ ఉంచితే దిమ్మె సిద్ధమవుతుంది. బట్టీతో పని లేదు. కాల్చిన ఇటుకకు పట్టే శక్తిలో ఇటువంటి దిమ్మెకు నాలుగవ వంతు మాత్రమే పడుతుందని ఆ ఇద్దరు ఆచార్యులు 2003లో ప్రచురించిన పరిశోధన వ్యాసంలో లెక్కగట్టినారు. పుదుచ్చేరి చెంత ఆరోవిల్‌లో 1989లో ఆరంభమైన భూమి నిర్మాణ సంస్థ, ఇదే దిమ్మెలతో గోడలే గాక కమానులను, గుమ్మటాలను కూడ కట్టి చూపుతున్నది.

రెండవ మార్గం, ఇదివరకే కాలిన బూడిదను వాడుకొనడం. థర్మల్ విద్యుత్ కేంద్రాల నుండి వచ్చే బూడిద కొండలుగా పేరుకొని, గాలిని, నీటిని పాడుచేస్తున్నది. ఆ బూడిదకు సున్నం, జిప్సం చేర్చి నీటితో కలిపితే అది తనంతట తానే గట్టిపడుతుంది. విశాఖపట్నానికి చెందిన శాస్త్రజ్ఞులు ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ ఈ సూత్రాన్ని ‘ఫాల్-జి’ అనే పేరుతో చిన్న పరిశ్రమల వారికి అందుబాటులోకి తెచ్చినారు. కేంద్ర పర్యావరణ శాఖ 1999లో ఒక ప్రకటన వెలువరించి, థర్మల్ కేంద్రాలకు 50 కిలోమీటర్ల లోపల ఇటుకలు చేసేవారు బూడిదను తప్పనిసరిగా కలపాలని ఆదేశించింది. ఈనాడు వీధివీధినా కనిపించే బూడిదరంగు ఇటుకల వెనుక ఈ చరిత్ర ఉన్నది. సున్నంలో ఇటుకపొడి కలిపి సుర్కీ చేసిన నాటి మేస్త్రికి కూడ ఈ రసాయన ధర్మం అనుభవంలో తెలిసినదే. దానిని కొలతలలో పెట్టినది నేటి శాస్త్రం.

మూడవ మార్గం, వస్తువును మార్చకుండ పొదుపు చేయడం. ఇంగ్లండులో 1917లో జన్మించి, కేరళలో స్థిరపడి, 2007లో తిరువనంతపురంలో కన్నుమూసిన లారీ బేకర్ ఈ విషయంలో అనేకులకు గురుతుల్యులు. ఇటుకలను పడుకోబెట్టక నిలువు అంచున నిలిపి, నడుమ ఖాళీ వదిలి కట్టే ‘ర్యాట్ ట్రాప్’ పద్ధతిని ఆయన విరివిగా వాడినారు. దానివలన నాలుగవ వంతు ఇటుకలు మిగులుతాయి. నడుమ నిలిచిన గాలి ఎండవేడిని కొంత అడ్డుకుంటుంది. స్లాబు విషయం కూడ ఇటువంటిదే. బరువు పడినప్పుడు స్లాబు పైభాగం నొక్కుకుపోతుంది, అడుగుభాగం సాగుతుంది. సాగుడును ఓర్చుకొనేది ఇనుప చువ్వ. అక్కడి కాంక్రీటు చేసే పని స్వల్పం. కావున చువ్వల నడుమ, అడుగున, పాత మంగళూరు పెంకులను పరచి పైన కాంక్రీటు పోస్తే స్లాబు బలం తగ్గదు, సిమెంటు మాత్రం తగ్గుతుంది. కోస్తా పల్లెలలో ఈ పెంకులనే బెంగుళూరు పెంకులనడం పరిపాటి.

నాలుగవ మార్గం, సిమెంటునే మార్చడం. స్విట్జర్లాండులోని లోజాన్ నగరపు సాంకేతిక విద్యాలయానికి చెందిన కారెన్ స్క్రివెనర్, క్యూబా దేశపు శాస్త్రజ్ఞులు, ఢిల్లీ, మద్రాసు ఐ.ఐ.టి.ల ఆచార్యులు కలిసి ‘ఎల్.సి.3’ అనే కొత్త సిమెంటును అభివృద్ధి చేసినారు. ఇందులో క్లింకరు సగమే. మిగిలిన సగంలో ఎక్కువ పాలు సుమారు 800 డిగ్రీల వద్ద కాల్చిన బంకమట్టి, తరువాత కాల్చకుండ నూరిన సున్నపురాయి, కొంచెం జిప్సం. పింగాణీకి పనికిరాని నాసిరకపు మట్టి కూడ దీనికి చాలును. బొగ్గుపులుసు వాయువు 30 నుండి 40 శాతం వరకు తగ్గుతుంది. భారతీయ ప్రమాణాల సంస్థ 2023లో ఐ.ఎస్. 18189 సంఖ్యతో దీనికి ప్రమాణాన్ని నిర్ణయించింది. ప్రయోగశాలలోని వస్తువుకు బజారులో నిలిచే అర్హత ఆ విధంగా కలిగినది.

ఇక పత్రికలలో ఎక్కువగా కనిపించే వింత, యంత్రం ‘అచ్చువేసే’ ఇల్లు. మద్రాసు ఐ.ఐ.టి. ప్రాంగణంలో 2021లో 600 చదరపు అడుగుల ఇంటిని ఈ పద్ధతిలో నిర్మించినారు. బెంగళూరు కేంబ్రిడ్జి లేఅవుట్‌లో 1,021 చదరపు అడుగుల తపాలా కార్యాలయం సుమారు నెలన్నరలో పూర్తయి, 2023 ఆగస్టులో ప్రారంభమైంది. కంప్యూటరు చెప్పిన దారిలో కదిలే గొట్టం కాంక్రీటును పొరమీద పొరగా వేసుకుంటూ పోతుంది. సెంట్రింగు చెక్కలు లేకుండానే గోడ లేస్తుంది. వంపుగోడకు అదనపు శ్రమ లేదు. ఇది మెచ్చదగిన విద్యయే. అయినను నిప్పు లెక్క మరువరాదు. గొట్టంలో సాఫీగా జారి, బయటపడగానే జారిపోకుండ నిలవవలసిన మిశ్రమానికి సాధారణ కాంక్రీటు కన్న ఎక్కువ సిమెంటు పట్టడం కద్దు. వేగం ఒక గుణం, మితవ్యయం మరొక గుణం. ఒకటి ఉన్నచోట రెండవది ఉండితీరుతుందని భావించరాదు.

ఇన్ని మార్గాలున్నను ఊళ్ళలో ఇండ్లు ఇంకను ఎక్కువగా పాత తీరుననే లేస్తున్నవి. అందుకు మొదటి కారణం గౌరవానికి సంబంధించినది. జనాభా లెక్కలలో కాల్చిన ఇటుక గోడ పక్కా, కాల్చని ఇటుక గోడ కచ్చా. మట్టి అంటే పేదరికమనే తలపు లెక్కల పుస్తకం నుండి పెండ్లి సంబంధాల దాకా ప్రాకినది. రెండవ కారణం మేస్త్రి. కొత్త పద్ధతిని ఇంజనీరు గీయగలడు, తాపీ పట్టేది మాత్రం మేస్త్రియే. పెంకు పరచి స్లాబు వేయడం ఎన్నడూ చూడని మేస్త్రి ఆ బాధ్యతను నెత్తిన వేసుకొనడానికి జంకుతాడు. అది అతని తప్పు కాదు, అతనికెవరూ నేర్పలేదు. పాలమూరు కూలీలు దేశం నలుమూలలా ఆనకట్టలు కట్టినారు. అనేక నగరాలలో మట్టి తవ్వి, రాయి కొట్టి, గోడ లేపిన చేతులు తెలుగువారివి. ఆ చేతుల విద్య తండ్రి నుండి కొడుకుకు నోటిమాటగా వచ్చినదే గాని, ఏ పాఠ్యపుస్తకంలోను చోటు పొందలేదు.

బట్టీ నిప్పుకు మరొక మూల్యం కూడ ఉన్నది. ఏటేటా పశ్చిమ ఒడిశా నుండి కుటుంబాలకు కుటుంబాలే తెలంగాణ ఇటుక బట్టీలకు వలస వస్తున్నవి. చదువు నడిచే నెలలలోనే ఆ పిల్లలు బడి విడిచి, బాష తెలియని నేలమీద ఇటుకల నడుమ పెరుగుతున్నారు. కొన్నిచోట్ల బట్టీల వద్దనే ఒడియా చెప్పే గురువులతో బడులు నడిపిన సందర్భాలున్నవి. పరభాషా ప్రాంతంలో మాతృభాషా పాఠశాల విలువ ఎటువంటిదో ఈ సభలోని వారికి వేరుగా చెప్పనక్కరలేదు. మట్టి దిమ్మెకు కూడ మనుషుల చేతులు కావాలి. కాని దానిని ఇల్లు కట్టే చోటనే, ఆ ఊరి మట్టితో, ఆ ఊరివారే చేసుకొనవచ్చును. దానికొరకు పిల్లలతో సహా ఊరు విడిచిపోవలసిన అగత్యం లేదు.

అయితే ప్రతి మట్టి పనికిరాదు. నల్లరేగడి తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు బీటలు వారుతుంది. దానిని సిమెంటుతో అదుపు చేయడం కష్టం, సున్నం కావాలి. మట్టి గోడకు పునాది ఎత్తుగా ఉండాలి, పైకప్పు చూరు బయటకు రావాలి. ఈ జాగ్రత్తలు విడిచి కట్టి, ఆ పిమ్మట మట్టిని నిందించడం న్యాయం కాదు.

మట్టిని పరీక్షించడం బడిపిల్లలకు కూడ సాధ్యమే. గాజుసీసాలో మూడవ వంతు మట్టి వేసి, నీరు నింపి, బాగా కుదిపి, కదల్చకుండ ఉంచాలి. ముందు ఇసుక అడుగున కూర్చుంటుంది, దానిమీద ఒండ్రు, అన్నిటికన్న ఆలస్యంగా బంకమట్టి. మరునాడు స్కేలుతో ఆ మూడు పొరలను కొలిస్తే, ఏది ఎంత పాలు ఉన్నదో తెలుస్తుంది. విజ్ఞాన శాస్త్రం, గణితం, ఇల్లు కట్టే విద్య ఒక్క సీసాలో కలుస్తాయి. మేస్త్రి బిడ్డ, ఇంజనీరు బిడ్డ ఒకే బల్లపై కూర్చుండి ఆ కొలత తీసుకుంటే, గౌరవానికి సంబంధించిన ఆ పాత అడ్డుగోడ కొంతైనా పలుచబడుతుంది.

ఈ ప్రాంగణంలో రేపు మరొక తరగతి గది కట్టవలసి రావచ్చును. పెద్దలు అంచనా పత్రం చూచునప్పుడు రూపాయల వరుస ప్రక్కన మరొక ప్రశ్న కూడ ఉంచగలరని ఆశ: ఈ గదికి ఎంత నిప్పు కావాలి? అందులో ఎంత తగ్గించవచ్చును? ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల విద్యార్థులు ఈ బడి నుండే రావాలి. గత 75 సంవత్సరాలుగా తెలుగు అక్షరాన్ని పరాయి నేలమీద నిలిపిన సంస్థకు ఇది తలకు మించిన భారం కాదు.

స్వస్తి.