చిత్రలేఖనాభ్యాసము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో జరిగిన ప్రసంగము)



రజతోత్సవ సమయమున పుస్తకములను గూర్చి ప్రసంగించుట పరిపాటి. నేటి ప్రసంగము పుస్తకములోని అక్షరమును గూర్చినది కాదు; అక్షరము ప్రక్కనుండు బొమ్మను గూర్చినది. చదువురాని శిశువు సైతము పుస్తకము చేతబట్టగానే మొదట వెదకునది బొమ్మనే. ఆ బొమ్మను వ్రాయువాడు తన విద్యను ఎట్లు నేర్చును? నేర్చునపుడు వాని మనస్సున నేమి జరుగును? ఈ ప్రశ్నలకు సమాధానమును ఒక విద్యార్థి అనుభవమునుండి గ్రహింపవచ్చును. తెలుగున ‘బొమ్మ గీయుట’ అనునట్లే ‘బొమ్మ వ్రాయుట’ అనియు వాడుక కలదు. కావున గ్రంథాలయమున చిత్రమును గూర్చి మాటలాడుట అప్రస్తుతము కానేరదు.

అరకులోయలోని ఒక పల్లెలో పుట్టిన ఈ యువకుడు పదవ తరగతి ముగించి, చిత్రలేఖన పరీక్షకు శిక్షణ పొందుటకై కొండ దిగి మైదానమునకు పోయెను. ప్రభుత్వమువారు నడుపు ఈ పరీక్షకు లోయరు, హయ్యరు అని రెండు మెట్లు కలవు. సెలవులకు వచ్చినపుడెల్ల అతడు గ్రంథాలయపు అరుగుమీద కూర్చుండి, తన అభ్యాసపు పుస్తకములను విప్పి, ఒక్కొక్క పుటకు వెనుకనున్న కథను చదువరులకు చెప్పుచుండెడివాడు. ఆ మాటలే ఈ ప్రసంగమునకు ఆధారము.

మొదటి పాఠము గీత. కొలబద్ద లేకుండ పుట నిండ నిలువు గీతలు, అడ్డ గీతలు, పిమ్మట వలయములు. నెల దినములు ఇదే పని. పెన్సిలుకంటె రబ్బరే ముందు అరిగిపోయెనని అతడు నవ్వుచు చెప్పెడివాడు. ఇంతదూరము వచ్చినది గీతలు దిద్దుకొనుటకా యని లోలోపల విసుగు కలిగెను. కాని గ్రామపు సర్వే పటమును చూచినవారికి గీత విలువ తెలియును. గొలుసులో ఒక్క లింకు తప్పినచో గట్టు పొరుగువాని మడిలో పడును. చేయి స్థిరపడనిదే మనసులోని మాట కాగితముమీదికి దిగదు.

రెండవ పాఠము కుండ. బల్లమీద కుండను పెట్టి చూచి వ్రాయుమనిరి. కుండమూతి గుండ్రనిదని అందరికిని తెలియును గనుక అతడు గుండ్రముగా వ్రాసెను. ఉపాధ్యాయుడు దగ్గరకు వచ్చి, “నీవు తెలిసినది వ్రాసితివి. కనబడునది వ్రాయుము” అనెను. అతడు మరల చూచెను. కూర్చున్న చోటినుండి ఆ మూతి గుండ్రముగా లేదు. కోడిగ్రుడ్డువలె సాగి, అణగియున్నది. పుట్టినది మొదలు కుండలను చూచినవాడు ఆనాడే కుండను చూచెను.

మూడవ పాఠమున గర్వభంగము కలిగెను. అచ్చు కాగితముమీది లతలను, ఆకులను చూచి వ్రాయుటలో తరగతిలో అతనిని మించినవాడు లేడు. ఒకనాడు ఉపాధ్యాయుడు అచ్చు కాగితములను తీసివేసి, “మీ ఇంటిని జ్ఞప్తికి తెచ్చుకొని వ్రాయుడు” అనెను. అతడు అరగంటలో ముగించెను. రెండు కొండలు, వాని నడుమ ఉదయించు సూర్యుడు, పెంకుటిల్లు, ఇంటి ముందు ఏరు, ఏటి ఒడ్డున కొబ్బరిచెట్టు. ఉపాధ్యాయుడు అంతయు చూచి, “ఈ కొబ్బరిచెట్టు మీ ఊరిలో నెక్కడ నున్నది?” అని మాత్రము అడిగెను. ఆ చెట్టు ఆ ఊరిలో లేదు. ఆ పెంకుటిల్లును లేదు. గాలికొండ నీడలో పెరిగిన పిల్లవాడు చిన్ననాటి వాచకములోని కొండలను వ్రాసి వచ్చెను! తన యింటి వసారాకు స్తంభములెన్నియో, గోడమీది ఎర్రమన్ను ఎంతవరకు వచ్చునో ఎంత తలచుకొన్నను అతనికి జ్ఞప్తికి రాలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదని చెప్పెను.

తరువాతి సెలవులలో అతడు ఇంటికి వచ్చి మొదటిసారిగా తన యింటిని చూచెను. లోయలోని యిండ్లకు ఎర్రమన్నును, తెల్లమన్నును పట్టెలుగా పూయుట ఆచారము. అవ్వ గుడ్డపీలికను మట్టిలో ముంచి, గోడవెంట నడచుచు, కొస మొదలు కొసవరకు చేయి ఎత్తక పట్టె దీసెను. కొలబద్ద లేదు, దారము లేదు. తాను నెల దినములు కష్టపడి సాధింపలేని గీతను ఆమె మాటలాడుచునే ముగించెను. అతడు కార్తిక మార్గశిరములలో పచ్చగా పూచిన వలిసె చేలను వ్రాసెను. సిల్వరు ఓకు చెట్ల నీడలో కాఫీ మొక్కలను, ఆ చెట్లకు ఎగబ్రాకిన మిరియపు తీగెలను వ్రాసెను. ఒకటి వెనుక ఒకటిగా నిలిచిన కొండలు దూరము పోయిన కొలదిని మంచులో కరగి లేతబడుటను గమనించి, రంగును పలుచన చేయుట నేర్చెను. బొర్రా గుహలలో సున్నపురాతి ఊడలమీద పడిన వెలుతురును చూచి, వస్తువునకు అంచుగీత యనునది లేదనియు, వెలుగు ముగిసినచోట నీడ మొదలగుటయే అంచనియు తెలిసికొనెను. తరగతిలో ‘షేడింగు’ అని పేరు చెప్పి నేర్పిన పాఠము అక్కడ అర్థమయ్యెను.

అన్నిటికంటె శ్రద్ధగా తన యింటిని వ్రాసి అవ్వకు చూపెను. ఆమె బహుసేపు చూచి, “అంతయు బాగున్నది నాయనా, పొయ్యి రాజలేదా? పొగ యేది?” అని యడిగెను. గడ్డి కప్పులోనుండి సందెవేళ నెమ్మదిగా వెలువడు పొగను అతడు వ్రాయలేదు. పొగ లేనిచో ఇంటిలో మనుష్యులు లేరని అర్థము. అక్షరము రాని అవ్వ అరక్షణమున పట్టుకొన్న లోపము అతని కన్నులకు కానరాదయ్యెను.

ఈ సందర్భమున కాళిదాసు శాకుంతలములోని ఆరవ అంకము స్మరింపదగినది. దుష్యంతుడు శకుంతల చిత్తరువును వ్రాసి ముందు పెట్టుకొనును. చూచినవారు మెచ్చుకొందురు. రాజునకు మాత్రము తృప్తి లేదు. ఇంకను వ్రాయవలసినవి కలవనును: ఇసుకతిన్నెపై హంసల జంటతో మాలినీనది, లేళ్లు పరుండిన హిమాలయపు చరియలు, నారచీరలు ఆరవేసిన చెట్టు, దాని క్రింద కృష్ణసారపు కొమ్మునకు ఎడమకన్ను ఒరయుచున్న లేడి. ముఖము పోలికగా వచ్చినను, ఆమె జీవించిన వనము రానిచో ఆ చిత్రము పూర్తికాదని రాజు తలచెను. మహాకవి చక్రవర్తిచేత చెప్పించిన మాటను కొండమీది అవ్వ ‘పొగ యేది’ యని చెప్పినది.

ఇట్టి దిద్దుబాటు ఈ కొండలకు క్రొత్త కాదు. అరకునకు ఈశాన్యముగా ఇదే తూర్పు కనుమల వరుసలో పార్వతీపురము, సీతంపేట, ఒడిశాలోని గుణుపురము ప్రాంతములందు సవరలు నివసింతురు. వారి గోడబొమ్మలను గూర్చి వెరియర్ ఎల్విన్ 1951లోను 1955లోను వెలువరించిన ఆంగ్ల గ్రంథములలో విపులముగా వ్రాసెను. పితరుల గౌరవార్థమో, రోగము తొలగుటకో, పంట పండుటకో ఈ బొమ్మలను వ్రాయుదురు. ఎర్రమన్ను అలికిన గోడమీద, కొస నలుగగొట్టిన పుల్లతో, బియ్యపుపిండి నీటితో వ్రాయుదురు. ముందుగా చుట్టును చట్టమును వ్రాసి, పిమ్మట లోపల మనుష్యులను, ఏనుగులను, గుఱ్ఱములను, సూర్యచంద్రులను నింపుదురు. కాలము మారిన కొలదిని సైకిలు, రైలు, విమానము కూడ అందు చేరినవి. బొమ్మ ముగిసిన తరువాత పూజారి దానియెదుట కూర్చుండి పితృదేవతను ఆహ్వానించును. దేవత పూజారి నోట పలికి, బొమ్మలో విడిచిన వస్తువు లేవైన నున్నచో చెప్పును. చిత్రకారుడు వానిని చేర్చును. అప్పుడే బొమ్మ పూర్తియైనట్లు. వ్రాయువానికి పైన చూచువాడొకడు, ‘ఇది లేదు’ అని చెప్పువాడొకడు ఉండవలెనను నియమమే ఇందలి సారము.

ఆ నియమము తప్పిన నేమగునో విద్యార్థికి త్వరలోనే తెలిసెను. లోయకు వచ్చు యాత్రికులకై కట్టిన ఒక విడిదిగృహమువారు అతనిని పిలిచి, గోడలపై గిరిజన చిత్రములు వ్రాయుమని అచ్చు కాగితమొకటి చేతికిచ్చిరి. అవి మహారాష్ట్రలోని వర్లీ జాతివారి చిత్రములు. రెండు త్రికోణములు కొసలు కలిపి మనిషిని వ్రాయు పద్ధతి వర్లీలకును సవరలకును సమానమే యైనను, రెండును ఒకటి కావు. అరకు గోడల పట్టెలు ఆ రెండింటికిని వేరు. చదువునకు డబ్బు కావలెను గనుక అతడు మూడు దినములలో పని ముగించి కూలి తీసికొనెను. గీత తప్పలేదు. యాత్రికులు దానియెదుట నిలిచి ఫోటోలు తీసికొనిరి. “మెచ్చుకొనువారే గాని, ఇది లేదని చెప్పువారు అక్కడ ఒక్కరును లేరు” అని అతడు తలవంచుకొని చెప్పెను. కూలి తీసికొన్నందులకు అతనిని నిందింపరాదు. పేదవాని చేయి పనిని వెదకును. కాని ఎవరి కొండనో తన కొండ గోడమీద దించిన వ్యథ అతనికి మంచి పాఠమే యయ్యెను.

మరియొక అభ్యాసము నడకను గూర్చినది. కదలుచున్నవానిని అయిదు నిమిషములలో వ్రాయవలెను. అతడు సంతనాడు థింసా ఆటకు పోయెను. తుడుము మ్రోగుచుండగా స్త్రీలు వీపుల వెనుక చేతులు కలుపుకొని వరుసగా అడుగులు వేయుచుండిరి. అతడు ఒక్కొక్కరికి కన్ను, ముక్కు, చెవిపోగు వ్రాయ మొదలిడెను. మూడవ ఆమె వచ్చుసరికి వరుస మలుపు తిరిగిపోయెను. కాగితముపై ముగ్గురు స్త్రీలున్నారు, ఆట లేదు. రెండవమారు ముఖములను విడిచి, తలలు, వీపులు కలిసి వంగు ఒక్క వంపును ముందు గీసి, ఆ వంపునకు అడుగులు తగిలించెను. అందరును ఒక ప్రాణియై కదలిరి. విష్ణుధర్మోత్తర పురాణమున వజ్రుడు విగ్రహవిద్యను కోరగా, మార్కండేయుడు చిత్రము తెలియనిదే అది రాదనియు, నృత్తము తెలియనిదే చిత్రము రాదనియు చెప్పును. ఆ పురాణము చేతికి అందకమునుపే ఈ విద్యార్థి కాలిధూళిలో ఆ మాటను నేర్చెను.

కామసూత్రములకు జయమంగళ యను వ్యాఖ్య వ్రాసిన యశోధరుడు చిత్రమునకు ఆరు అంగములు చెప్పెను: రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము. నేటి పరీక్షలు వీనిలో ప్రమాణమును, సాదృశ్యమును చక్కగా కొలువగలవు. భావమునకు మార్కులు వేయుట కష్టము. అంతమాత్రమున పరీక్షను తృణీకరింపరాదు. రాజమహేంద్రవర కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొరగారు దామెర్ల రామారావునకును, అడివి బాపిరాజునకును చిత్రకళయందు ప్రోత్సాహమిచ్చిరి. రామారావు బొంబాయిలోని జె.జె. కళాశాలలో పాశ్చాత్య పద్ధతిని అభ్యసించెను. అయినను తిరిగివచ్చి అతడు వ్రాసినది బొంబాయిని కాదు. గోదావరి తీరమును, తెలుగు స్త్రీలను, మన పురాణకథలను. 1897లో పుట్టి 1925లో గతించిన ఆ యువకుడు ఇరువదియెనిమిదేండ్లలోపుననే ఆంధ్ర చిత్రకళకు త్రోవ చూపెను. అభ్యాసపాఠము నిచ్చెన వంటిది. నిచ్చెన లేక అటక యెక్కలేము. నిచ్చెనమీదనే కాపురముండను లేము.

ఇప్పుడా విద్యార్థి పరీక్షకు చదువుచునే మరియొక పని తలపెట్టియున్నాడు. అవ్వ చెప్పు కథలను తెలుగులో వ్రాసి, వానికి బొమ్మలు చేర్చి, పిల్లల పుస్తకముగా కుట్టవలెనని వాని సంకల్పము. ఈ ప్రాంతమునకు ఇట్టి ప్రయత్నమున పెద్దల త్రోవ కలదు. గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) పర్లాకిమిడిలో నుండి సవరల నోటనే సవరభాషను నేర్చి, వారి పిల్లలకు వారి భాషలోనే వాచకములు కూర్చి, స్వంత ఖర్చుతో బడులు నడిపిరి. 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. పిల్లవానికి ఇంటి మాటతో చదువు మొదలు కావలెనని పంతులుగారు పట్టుబట్టిరి. ఇంటి మాటకు కల హక్కు ఇంటి బొమ్మకును కలదు. కొండపిల్ల వాచకము విప్పినపుడు కొబ్బరిచెట్టే గాక వలిసె చేను కూడ కనబడినచో, తన ఊరును పుస్తకమునకు ఎక్కదగినదే యని ఆ పిల్లకు తోచును. అట్లు తోచని పిల్ల పెద్దయైన తరువాత తన యింటిని జ్ఞప్తికి తెచ్చుకొనలేదు.

కావున ఈ రజతోత్సవమున గ్రంథాలయ సభ్యులకు ఒక మనవి. ఆ బొమ్మల పుస్తకము ముగిసిన తరువాత దానిని వెంటనే బీరువాలో పెట్టి తాళము వేయవలదు. ఒక నెల దినములు చదువు బల్లమీద నుంచుడు. ప్రక్కన ఒక పెన్సిలు నుంచుడు. చదువు వచ్చినవారు మాత్రమే కాదు, సంతకు వచ్చు అవ్వలు, తాతలు కూడ చూతురు గాక. ‘ఇందు ఏమి లేదు?’ అని వారిని అడుగుడు. వారు చెప్పిన ప్రతి మాటను పుట అంచున వ్రాయుడు. మెచ్చుకోలు ఎవరైన ఇత్తురు. లోపమును ప్రేమతో చెప్పువారు తనవారే.

అభ్యాసపు పుస్తకమున ఆ విద్యార్థి యిల్లు నేటికిని ఉన్నది. గడ్డి కప్పుమీద సన్నని బూడిదరంగు గీతలు రెండు, తరువాత చేర్చినట్లు స్పష్టముగా తెలియుచున్నవి. ఆ పుటలో ఉపాధ్యాయుడు మార్కులు వేసినచోట పదికి ఏడు అని యున్నది. పొగను చేర్చిన తరువాత ఎన్ని వేయవలెనో నిర్ణయింపవలసినది అవ్వయే.

ఇట్టి అవ్వలకును, మనుమలకును ఒకే బల్లయొద్ద చోటిచ్చు ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము వఱకును, ఆపైనను వర్ధిల్లుగాక!