మిరపకు ముందు ఈ నేల



ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది చదువు మిర్చి యార్డులో, పత్తి మిల్లులో తూకం వేసిన పంట డబ్బుతోనే సాగింది. ఆ మిరప పోర్చుగీసు ఓడలెక్కి మన దేశానికి వచ్చి సుమారు 500 ఏళ్లే. అంతకు చాలా ముందు, వేల ఏళ్లపాటు విత్తనం నాటకుండా, వేటాడి, చేపలు పట్టి, దుంపలు తవ్వుకుని బతికినవాళ్లు ఈ నేల మీద తిరిగారు. వాళ్లను మనం బొత్తిగా మరిచిపోయాం.

దాదాపు 20,000 ఏళ్ల కిందట సముద్రమట్టం ఇప్పటికన్నా 120 మీటర్లు దిగువన ఉండేది. చీరాల, కొత్తపట్నం తీరాల్లో నేడు అలలు కొట్టే చోట అప్పుడు పొడినేల. మంచు కరిగి, సుమారు 7,000 ఏళ్ల కిందటికి సముద్రం ఇప్పటి మట్టం దాకా వచ్చింది. ఆపైన కృష్ణమ్మ ఒండ్రు పోసి డెల్టాను పెంచింది. ఒడ్డున బతికినవాళ్ల మజిలీలు చాలావరకు నీటి కిందో, ఒండ్రు కిందో ఉండిపోయి ఉంటాయి. అందుకే ఆనవాళ్ల కోసం మెట్టకు నడవాలి.

కమియేడ్, బర్కిట్ అనే పరిశోధకులు 1930లో నల్లమల పరిసరాల రాతి పనిముట్లను నాలుగు శ్రేణులుగా వింగడించారు. నాలుగోది సూక్ష్మ శిలాపరికరాలు. గిద్దలూరు పనిముట్లపై కె.వి. సౌందరరాజన్ 1952లో రాశారు. డ్యాం నీళ్లు ముంచకముందు నాగార్జునకొండలో 1954 నుంచి 1960 దాకా తవ్వితే బౌద్ధ కట్టడాలతో పాటు శిలాయుగం పనిముట్లూ బయటపడ్డాయి. ఆ వేటగాళ్ల సూక్ష్మ పరికరం గోరంత రాతి పెచ్చు. కర్రకో ఎముకకో వరసగా బిగించి బంకతో అతికిస్తే బాణమవుతుంది. ఒక పెచ్చు విరిగితే దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు. ఎంత ఆలోచన!

వేటగాళ్ల మాట వచ్చింది కదా అని, మన చేలల్లో కలుగు చూసి ఎలుక ఉందో లేదో చెప్పే యానాదులను రాతియుగపు మిగులుగా చూడకండి. వాళ్లు మన కాలపు మనుషులు, మనతో సమానులు. ఈ నేల గురించి వాళ్లకు తెలిసింది మన పుస్తకాల్లో లేదు. వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకోండి.

మీ పొలాల్లో ఇప్పుడు ట్రాక్టర్లు లోతుగా దున్నుతున్నాయి, చెరువుమట్టి తోలుతున్నారు, గుట్టలు కంకరగా మారుతున్నాయి. పదును పెట్టినట్టున్న చిన్న రాతి పెచ్చులు ఒకేచోట కుప్పగా కనిపిస్తే జేబులో వేసుకోకండి. రాయి కదిలితే దాని చరిత్ర పోతుంది. ఉన్నచోటే ఫొటో తీసి, సర్వే నంబరు రాసి, పురావస్తు శాఖకు తెలియజేయండి. పట్టా పుచ్చుకున్న మీ అందరినీ నేను అడిగేది ఇదే.