లెక్కలో వరుస



మా పాలకుర్తి పాల్కురికి సోమనాథుని యూరుగా ప్రసిద్ధి గన్నది. ఆ మహాకవి చేపట్టిన ద్విపద సామాన్యుల నోట సులభముగా నిలుచు ఛందము. నోట నిలుపుట కవిత్వమునకే గాక గణితమునకును అక్కఱకు వచ్చినది. 11వ శతాబ్దమున పావులూరి మల్లన, అంతకు రెండువందల యేండ్ల మునుపటి మహావీరాచార్యుని సంస్కృత గణితమును తెలుగు పద్యములలోనికి దెచ్చెను. మనము ఎక్కములను వల్లించినదియు నీ త్రోవనే. అయితే నోట నిలిచినదంతయు బుద్ధిలో నిలిచినట్లు గాదు. ఇందుకు నా తప్పే నిదర్శనము.

నేను బడిపంతులుగా నున్న దినములలో ‘బోడ్‌మాస్’ అను మాటను పిల్లలచే కంఠస్థము చేయించెడివాడను. కుండలీకరణము, ‘లో’ అను భాగము, భాగహారము, గుణకారము, కూడిక, తీసివేత అనువాని యింగ్లీషు పేర్ల మొదటి యక్షరముల కూర్పే యది. ఒకనాడు నల్లబల్లపై 10 − 4 + 3 అని వ్రాసితిని. ఒక బాలుడు 9 అనెను. “సూత్రములో కూడిక ముందు గదా! 4, 3 కలిసి 7, 10లో 7 పోగా 3” అని వానిని గద్దించితిని. వాడు మెల్లగా, “అయ్యా, 10 రూపాయలలో 4 ఇచ్చి, మరల 3 పుచ్చుకొన్నచో నాయొద్ద 9 ఉండవా?” అనెను. నాకు నోట మాట రాలేదు. మరునాడు తప్పు నాదేయని తరగతిలో చెప్పితిని. కాని యంతకుముందు ఎందఱి సరియైన యుత్తరములను కొట్టివైచితినో!

ఆ యక్షరముల వరుసను నిచ్చెన మెట్లుగా దలచుటయే నా పొరపాటు. అమెరికా పిల్లలు నేర్చు ‘పెమ్‌డాస్’ అను మాటలో గుణకారము భాగహారమునకు ముందుండును. మన మాటలో వెనుక నుండును. అయినను ఉత్తర మొక్కటియే. ఏలయన నవి సమానములు. కూడికయు తీసివేతయు నట్లే.

పంక్తిభోజనమును దలచుకొనుడు. లోపలి గదిలోని పెద్దలకు, అనగా కుండలీకరణములోని లెక్కకు, ముందు వడ్డన. పిదప ‘లో’ అనునదియు, వర్గము మొదలగు ఘాతములును. తరువాతి పంక్తిలో గుణకార భాగహారములు. కడపటి పంక్తిలో కూడిక తీసివేతలు. ఏ పంక్తియందైనను ఎడమ కొసనుండి కుడికి వడ్డించుకొని పోవలెను. కాబట్టి 24 ÷ 4 × 2 అనగా 12, 3 గాదు.

గుణకారము కూడికకు ముందేల? బత్తెము 100 రూపాయలు, రోజుకు 600 చొప్పున మూడు రోజుల కూలి యనుకొనుడు. 100 + 600 × 3 అనగా 1900. ముందుగా కూడినచో 2100 అగును. ఒక్కసారి యిచ్చిన బత్తెము మూడుమార్లు లెక్కకు వచ్చును. అంగళ్లలోని చిన్న కాలిక్యులేటరులు పెక్కు నొక్కిన వరుసనే లెక్కించి 2100 చూపును. యంత్రము చెప్పెనని సొమ్ము చేతులు మారినచో కలహమునకు మూలమగును.

కావున మీ మనుమలు సూత్రము నప్పగించినంతనే సంతసింపక, 10 − 4 + 3 ఎంతయని యడుగుడు. 9 అన్నచో, ఏల యని మరల నడుగుడు. 3 అన్నచో గద్దింపక, చేతికి పది రూపాయల చిల్లర నిచ్చి లెక్కింపనిండు. సెలవు.