యంత్రబుద్ధికి సాక్షి ఎవరు?



పొన్నూరులో వెలసిన స్వామిని సాక్షి భావనారాయణుడని పిలుచుట మన ప్రాంతమువారందరికిని తెలిసినదే. ఇచ్చిన మాటకు సాక్ష్యము చెప్పుటకు స్వామియే కదలివచ్చెనని స్థలపురాణము. ఈ పూట మేము ముచ్చటింపబోవు విషయము క్రొత్తది. అయినను అందును కావలసినది సాక్షియే.

కృత్రిమ మేధ అను మాట నేడు ఇంటింట వినవచ్చుచున్నది. దానితో పనిముట్లు చేయువారు తమ యంత్రమెంత గొప్పదో మొదట చెప్పుదురు. వాడువాని చేతిలో అదెట్లు పనిచేయునో తరువాత చూతమందురు. ఈ వరుస తలక్రిందులని మా అభిప్రాయము.

పొన్నూరు, నిడుబ్రోలు చుట్టుపట్ల మాగాణులలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందే మినుము చల్లుట పరిపాటి. నేల ఆరిపోయినచో విత్తు మొలవదు. నీరు నిలిచినచో కుళ్లును. చేతికి బురదతో, నెత్తిన ఎండతో గట్టుమీద నిలిచిన రైతునకు కావలసినది ఒక్క జవాబు: "ఇవాళ చల్లమంటారా, ఆగమంటారా?" ఆ ఒక్కమాటకై పేరు, ఊరు, రహస్య సంకేతము నింపుమని నాలుగు పుటలు చూపినచో, లోపలి యంత్రము ఎంత ఘనమైనదైనను ఫోను మరల జేబులోనికే పోవును.

వాడువానిని ముందుంచుకొని చేసిన పనికి మన రాష్ట్రముననే ఉదాహరణము కలదు. 2016లో పటాన్‌చెరులోని ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ సంస్థలు కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలమున 175 మంది వేరుసెనగ రైతులకు విత్తుటకు అనువైన అదనును తెలిపినవి. గడచిన 30 సంవత్సరముల వాతావరణ వివరములు, వాన అంచనాలు, నేల తేమ లెక్కలు అన్నియు తెరవెనుకనే యుండెను. రైతునకు చేరినది తెలుగులో ఒక చిన్న సందేశము. దానికి మామూలు ఫోను చాలినది. తొలివానకే తొందరపడక జూన్ చివరి వారము వరకు ఆగినవారికి హెక్టారునకు సగటున 30 శాతము అధిక దిగుబడి వచ్చెనని ఆ సంస్థలు ప్రకటించినవి. మరుసటి ఏడు ఆ సలహా ఆంధ్ర, కర్ణాటకములలో 3,000 మందికి పైగా రైతులకు అందినది.

2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వము 'మన మిత్ర'ను 161 సేవలతో ప్రారంభించినప్పుడును, జనులకు చేయితిరిగిన వాట్సాప్‌నే ద్వారముగా ఎంచుకొనెను. క్రొత్త పనిముట్టు నేర్వవలసిన శ్రమ తప్పినది.

అట్లయిన లోపలి యంత్రము ఎట్లున్నను ఫరవా లేదా? అట్లు కాదు. తీయని తెలుగులో చెప్పిన తప్పుడు సలహా మరింత ప్రమాదకరము. దానిని నమ్మినవాడు పంటను, పెట్టుబడిని పోగొట్టుకొనును. తనకు నిశ్చయము లేనప్పుడు "ఇది నాకు తెలియదు, వ్యవసాయాధికారిని అడుగుడు" అని ఒప్పుకొనుటయు వాడువానికి చేయు మర్యాదలోనిదే. గణితమెంత లోతుగా నుండవలెనో నిర్ణయించునది ఆ రైతు అవసరమే.

కావున నిర్మాతలకు మా మనవి ఒక్కటే. పనిముట్టును రైతు చేతికిచ్చి, ఏమియు వివరింపక గట్టుమీద ప్రక్కన నిలువుడు. అతడెక్కడ తడబడునో చూడుడు, అక్కడ దిద్దుడు. వచ్చే పైరునాటికి ఎవరును చెప్పకయే అతడు దానిని మరల తెరచినచో, సాక్ష్యము దొరికినట్లే.